పిడికిలి పట్టిన నెర్రె

నాకు గుర్రమంటే భయం లేదు. గుర్రం మీద నుంచి పడడమంటే భయం. ఈ రెండూ ఒకటి కాదని మా ఇంట్లో వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. నలభై దాటిన ఆడమనిషికి, అందులోనూ కరెంటు ఆఫీసులో ఫైళ్ళ మధ్య కూర్చునేదానికి, ఈ గుర్రాల పిచ్చి ఏమిటని మా ఆయన అడిగితే, మీ పేకాట కన్నా నయమేగా అని నోరు మూయించాను. నా నోటికి మొదటినుంచీ ఆ పేరుంది. ఆ నోరే ఒక రోజు ఒక గుర్రం ప్రాణం మీదికి తెచ్చింది కాబట్టి దాని సంగతి ముందే చెప్పేయడం మంచిది.

తాడేపల్లిగూడెం శివార్లో, మూతపడిన ఒక రైసుమిల్లు వెనక మాస్టారి గుర్రాలశాల ఉంది. మాస్టారిది ఏలూరు. తాతల నాటి నుంచి జట్కాలు తోలిన కుటుంబం. జట్కాలు పోయాక ఆయన పోలీసు గుర్రాల దగ్గర ఉద్యోగం చేసి, రిటైరయ్యాక నాలుగు గుర్రాలు పెట్టుకుని స్వారీ నేర్పుతున్నారు. చాలా నెమ్మదైన మనిషి. గుర్రంతోనైనా మనిషితోనైనా ఒకటే గొంతు. ఆయన గొంతు పెంచగా నేను విన్నది ఒక్కసారే.

మా జట్టులో ముగ్గురం. నేను, మాస్టారి కూతురు, కైకలూరులో చేపల చెరువులున్న ఒక ఆసామి. అమ్మాయికి పాతికేళ్ళు ఉంటాయి, ఏలూరులో నర్సు. మేం ఆడేదాన్ని ఈవెంటింగ్ అంటారు. ముందు గుర్రాన్ని బరిలో పద్ధతిగా నడిపించి చూపాలి. తరవాత బయట ఎగుడుదిగుడు నేల మీద దుంగలూ కందకాలూ గట్లూ దాటిస్తూ పరుగెత్తించాలి. చివర్లో బరిలో కర్రల మీద నుంచి దూకించాలి. మూడింట్లోనూ నాకు నచ్చేది బరిలో నడక, నన్ను చంపేది ఆ రెండోది.

పనులు పంచుకున్నాం. ఆసామి భోజనాలూ లారీ చూసుకుంటాడు. జీను పట్టీలు బిగించడం అమ్మాయి పని. నా వేళ్ళకి ఆ పట్టు లేదు. ఆ పిల్ల గుర్రం పొట్ట కింద పట్టీని ఒక్క లాగు లాగి, రెండు వేళ్ళు దూర్చి చూసి "సరే" అంటుంది. రోగి చేతికి కట్టు కట్టి చూసుకున్నట్టే ఉంటుంది. నేల చూడడం నా వంతు. పరుగుకి ముందు దారంతా నడిచి, ఎక్కడ గట్టి, ఎక్కడ మెత్తన, ఎక్కడ రాయి ఉంది అని చూసి రావాలి. నేను గణపవరం దగ్గర వరి రైతు కూతుర్ని. చిన్నప్పుడు మా నాన్న వెనకాల గట్ల మీద తిరిగినదాన్ని. అందుకని ఆ పని నాదేనని ఎవరూ అడగకముందే తీసుకున్నాను. దానికి మాస్టారు ఒక పద్ధతి పెట్టారు. నేల ఎవరు చూస్తే పరుగులో వాళ్ళే ముందు వెళ్ళాలి.

పోయిన సీజను చివర్లో నేను పడ్డాను. గట్టు మీద నుంచి కిందికి దూకే చోట గుర్రం దూకింది, నేను దూకలేదు. భుజం దగ్గర కాలర్ బోన్ విరిగింది. ఎముక ఆరు వారాల్లో అతుక్కుంది. కానీ వానాకాలం అంతా, ఆఫీసులో మెట్లు దిగుతుంటే కూడా, మొదటి మెట్టు దగ్గర నా కాలు ఆగేది. ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఇంట్లో మాన్పించేస్తారని ఒక కారణం. నోరున్న మనిషికి భయమేమిటని నవ్వుతారని ఇంకో కారణం.

కార్తీకంలో వానలు తెరిపిచ్చాక ఆ ఏడాది మొదటిసారి గుర్రాల్ని బయటికి తీశాం. ఆసామి తన చెరువుల దగ్గర స్థలం ఇస్తానన్నాడు. అక్కడ ఒక చెరువులో చేపల పట్టుబడి అయిపోయి, నీళ్ళు తీసేసి ఎండబెట్టి ఉంది. పెద్ద గట్లూ, పక్కన ఖాళీ మెరకా ఉన్నాయి, పరుగుకి అంతకన్నా ఏం కావాలన్నాడు. తెల్లారకముందే బయలుదేరి, లారీలో వరిగడ్డి పరిచి మూడు గుర్రాల్నీ ఎక్కించి, ఆకివీడు మీదుగా కైకలూరు దాటేసరికి మంచు విడిచింది. దారి పొడుగునా కోతలు. మిషన్లు రోడ్డు మీదే అడ్డంగా నిలబెట్టారు. లారీలో ఎర్ర ఆడగుర్రం కాలితో చెక్క తన్నుతూనే ఉంది. అది మాస్టారి సొంత గుర్రం, ఆయన పుట్టించి పెంచినది. పరుగులో అమ్మాయి ఎక్కేది దాన్నే.

చెరువు దగ్గర ఆసామి జెండాలు పాతి దారి గుర్తు పెట్టించాడు. పెద్ద గట్టు మీద పరుగు మొదలై, గట్టు మీద నుంచి ఎండిన చెరువులోకి దూకి, అడుగంతా అడ్డంగా దాటి, తూము పక్కనున్న ట్రాక్టరు దారిలో అవతలి గట్టెక్కాలి. నేను చెప్పులు విప్పి దిగాను. అడుగంతా తెల్లగా సున్నం చల్లి ఉంది, మట్టి పలకలు పలకలుగా నెర్రెలిచ్చింది. మా నాన్నకి ఒక లెక్క ఉండేది. చేలో నెర్రెలోకి పిడికిలి పట్టిందంటే నేల గట్టిపడ్డట్టే, కోత మిషను దింపొచ్చు. నేను ప్రతి జెండా దగ్గరా వంగి నెర్రెలో పిడికిలి పెట్టి చూశాను. తూము దగ్గర మూలలో కూడా చూశాను. మణికట్టు దాకా పట్టింది. మడమతో గట్టిగా తొక్కాను. చలించలేదు.

గట్టు మీద చెరువు కాపలా పెద్దాయన నిలబడి ఇదంతా చూస్తున్నాడు. కొల్లేటి లంక ఊరి మనిషి, ఒంటి మీద చొక్కా లేదు, భుజాన తువ్వాలు.

"అమ్మగారండీ, ఆ తూము మూలకి పోనివ్వకండి. అది పైపెచ్చేనండి," అన్నాడు.

పెచ్చో కాదో నాకు తెలుసునన్నాను. మట్టిలో పుట్టినదాన్ని, నాకు మట్టి గురించి చెప్పొద్దన్నాను. ఆయన మర్యాదగా పక్కకి తప్పుకుని నాకు దారి ఇచ్చాడు. ఆసామి కూడా ఆ మాట విన్నాడు. ఆయనకి చెరువులున్నాయి కానీ ఎప్పుడూ అందులో కాలు పెట్టింది లేదు, చేపల మేత కొట్టులో కూర్చుని ఫోన్లో వ్యవసాయం చేస్తాడు. మేడం గారు చూశారుగా అని ఊరుకున్నాడు. మాస్టారు లారీ దగ్గర గుర్రాలకి నీళ్ళు పెడుతున్నారు. నేను వెళ్ళి దారి అంతా గట్టిగా ఉందని చెప్పాను.

తరవాత గుర్రం ఎక్కాను. నాది తెల్ల గుర్రం, ముసలిది, బుద్ధిమంతురాలు. గట్టు మీద దాన్ని మొదటి జెండా దగ్గరికి తెచ్చి కిందికి చూశాను. నడుం ఎత్తు కూడా లేదు. అంతకన్నా ఎత్తు నుంచి పోయినేడు పదిసార్లు దూకాను. కానీ ఇప్పుడు మడమ ఆనించి దాన్ని ముందుకి తోయలేకపోయాను. అరచేతులు చెమట పట్టి కళ్ళెం తోలు నిలవడం లేదు. భుజంలో, ఎముక అతుక్కున్న చోట, ఎవరో వేలితో నొక్కుతున్నట్టు ఉంది. గుర్రానికి నా భయం తెలిసిపోయి చెవులు వెనక్కి పెట్టింది. వెనకాల ఎర్రదాని మీద అమ్మాయి ఎదురుచూస్తోంది. మాస్టారు చెయ్యెత్తి వెళ్ళమని సైగ చేశారు.

"నా పట్టీ వదులుగా ఉన్నట్టుంది. నువ్వు పోనియ్, నేను బిగించుకుని వస్తా," అన్నాను.

అమ్మాయి నా వైపు చూసింది. ఒక క్షణం చూసింది, అంతే. "సరే అక్కా," అని ఎర్రదాన్ని ముందుకి తెచ్చింది.

నేను దిగి, పట్టీ దగ్గర వంగి, బకిలు తీసి మళ్ళీ అదే రంధ్రంలో పెట్టాను. వంగే ఉన్నాను. ఎర్రది దూకిన చప్పుడు వినిపించింది. గిట్టలు నేలకి గట్టిగా తగిలాయి, తరవాత ఒకే లయలో పరుగు. ఎంత తేలిగ్గా దూకిందో, నాకేమిటి ఈ ఖర్మ అని సిగ్గుపడ్డాను. అప్పుడు పరుగు చప్పుడు ఆగిపోయింది. తగ్గుతూ ఆగలేదు, ఒక్కసారిగా ఆగింది.

తలెత్తి చూస్తే తూము మూలలో గుర్రానికి కాళ్ళు లేవు. పొట్ట నేలకి ఆనుకుని ఉంది. చుట్టూ తెల్లటి పలకలు విరిగి లేచాయి, వాటి కింద నుంచి నల్లటి బురద ఉబికి వస్తోంది. అమ్మాయి గుర్రం తల మీదుగా ముందుకి పడి, చేతులు చాచి బోర్లా ఉంది. లేవబోతోంది. లేచిన చేయి మోచేతి దాకా దిగింది.

"పడుకో," అని మాస్టారు అరిచారు. "లేవకు. పడుకునే పాకు."

ఆ పిల్ల తండ్రి మాట విని పొట్ట మీద పాకుతూ గట్టి నేల మీదికి వచ్చింది. ముఖమంతా నల్లగా ఉంది, కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. నిజం చెప్పాలంటే, ఆమె లేచి కూర్చోగానే నాకు మొదట వచ్చిన ఆలోచన, అక్కడ నేనుండాల్సింది అని. బాధతో వచ్చిన ఆలోచన కాదు. తప్పించుకున్నానని వచ్చింది.

ఎర్రది ఒకసారి తన్నుకుంది. తన్నుకున్నకొద్దీ దిగుతోంది. ఇంకోసారి తన్నుకునేసరికి జీను అంచు బురదకి తగిలింది. అది అరిచిన అరుపు నేను అంతకుముందు ఏ గుర్రం దగ్గరా వినలేదు. వాసన గట్టు మీదికి కొట్టింది. ఏళ్ళ తరబడి వేసిన కోళ్ళ ఎరువూ, తవుడూ, మిగిలిన మేతా కుళ్ళిన వాసన. వరి చేలో అలాంటి మట్టి ఉండదు. ఆ మూల, పట్టుబడికి చేపలు చేరడానికి తవ్విన గుంట అట. పైన ఆరిపోయి పెచ్చు కట్టింది, నెర్రెలు కూడా పెచ్చు మందానే ఆగిపోయాయి. నా పిడికిలి ఆ పెచ్చులోనే పట్టింది.

ఆసామి ట్రాక్టరు తెప్పిస్తానని ఫోను తీశాడు. నేనూ అదే అన్నాను, తాడు తెమ్మని కేకలు వేశాను. మా చేలో ఎద్దు దిగబడితే అలాగే లాగేవాళ్ళు. అప్పుడు కాపలా పెద్దాయన గట్టు దిగి మాస్టారి దగ్గరికి వచ్చాడు. నా వైపు చూడలేదు.

"లాగకండి బాబూ. కింద పట్టేసిందండి, లాగితే కాళ్ళూడి వస్తాయండి. నీళ్ళెడదామండి."

నీళ్ళా? నాకు మతి పోయింది. కదల్లేని జంతువు మీదికి నీళ్ళు వదులుతారా, ముంచేస్తారా అని నేను ఆయన మీద పడ్డాను. పంట చేలో దిగబడితే నీళ్ళు తీస్తాం. తీస్తే నేల గట్టిపడుతుంది. నేను నేర్చుకున్నదంతా అదే. పెద్దాయన నాకు జవాబు చెప్పకుండా మాస్టారి కళ్ళలోకే చూశాడు. ఆ మూల పల్లం కాబట్టి తూము ఎత్తితే కాలవ నీళ్ళు ముందు అక్కడికే వస్తాయనీ, గడలతో కాళ్ళ పక్కన కదుపుతుంటే నీళ్ళు కిందికి దిగి బురద పట్టు వదిలేస్తుందనీ, వదలగానే గుర్రం తేలుతుందనీ చెప్పాడు.

"ఎప్పుడైనా తీశారా?" అని మాస్టారు అడిగారు.

"గేదెల్ని తీశామండి. రెండు," అన్నాడు. కాస్త ఆగి, "ఒకటి బతికిందండి," అన్నాడు.

మాస్టారు తన గుర్రాన్ని చూశారు. పక్కన కూతుర్ని చూశారు. తూము ఎత్తమన్నారు.

తల నీళ్ళకి పైన పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. అమ్మాయి తను పోతానంది, కానీ పడ్డప్పుడు భుజం కమిలి చేయి పైకి లేవడం లేదు. నేను పోతానన్నాను. ఎవరూ వద్దనలేదు. వద్దంటారేమోనని ఎదురుచూశానని కూడా ఒప్పుకోవాలి. గట్టు పక్కన, చెరువులో తిరుగుతూ చేపలకి మేత వేసే తాటిదోనె ఉంది. పెద్దాయనా ఇద్దరు పనివాళ్ళూ దాన్ని పెచ్చు మీద నుంచి తోసుకుంటూ ఎర్రదాని పక్కకి చేర్చారు. నేను అందులో బోర్లా పడుకుని, రెండు చేతులూ దాని దవడ కింద పెట్టాను. దాని ఊపిరి నా ముఖానికి కొడుతోంది. కన్ను నాకు జానెడు దూరంలో ఉంది, తెల్లగుడ్డంతా బయటికి వచ్చింది. పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి దాని కళ్ళకి కట్టాడు.

నీళ్ళు వచ్చాయి. ముందు నెర్రెల్లో సన్నగా పాకాయి, తరవాత సున్నం తెల్లగా తేలుతూ దోనె కిందికి వచ్చాయి. దోనె కదిలింది. నీళ్ళు గుర్రం పక్కలకి ఎక్కి జీను మునిగింది. వాళ్ళు ముగ్గురూ గడలు దాని కాళ్ళ పక్కన దింపి అటూ ఇటూ తిప్పుతున్నారు. బుడగలు వస్తున్నాయి తప్ప గుర్రం లేవడం లేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. నా చేతులు మోచేతుల దాకా మునిగాయి, తల బరువుకి అతుక్కున్న ఎముక దగ్గర నొప్పి మొదలైంది. ఇంక వదిలేస్తానేమోనని భయం, వదిలేస్తే మునుగుతుందని భయం. ఎంతసేపైందో తెలియదు. నీళ్ళు దాని మెడ సగం దాకా వచ్చాయి. ఆపమనండి, నీళ్ళు ఆపమనండి అని నేను అంటున్నాను. అది కేకో గొణుగుడో నాకే తెలియదు. పెద్దాయన ఒకటే మాట, ఇంకొంచెం అండి, ఇంకొంచెం అండి.

అప్పుడు ఎర్రది తన్నుకోవడం మానేసింది. దాని తల నా చేతుల్లో మెత్తబడింది. మొత్తం రోజులో అంత భయం నాకు అప్పుడే వేసింది. గట్టు మీద కళ్ళెం పట్టుకుని వణికానే, ఆ భయం దీని ముందు ఎందుకూ పనికిరాదు. నేను మట్టిలో పుట్టినదాన్ని అని ఈ నోటితోనే కదా అన్నాను. ఆ నోరే దాని చెవి దగ్గర పెట్టి ఏవేవో అన్నాను. లే అన్నాను, తల్లీ అన్నాను. మా అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

గడ పట్టుకున్న ఒక పనివాడు "ఒకటి వదిలిందండి," అన్నాడు. నీళ్ళ కింద నుంచి పెద్ద బుడగ వచ్చి పగిలింది, కుళ్ళు వాసన. గుర్రం ఒక పక్కకి ఒరిగింది. ఒరిగి, నా చేతుల్లో నుంచి తల లాక్కుని, దోనెని ఒక్క తోపు తోసింది. నేను నీళ్ళలో పడ్డాను. తేలి చూసేసరికి ఎర్రది కళ్ళకి తువ్వాలుతోనే, ముక్కు పైకెత్తి ఈదుతోంది. పెద్దాయన దాని కళ్ళెం పట్టుకుని ముందు ఈదుతున్నాడు. ట్రాక్టరు దారి దగ్గర కాళ్ళు అందాయి. ఎక్కి నిలబడింది. నిలబడి వణుకుతూనే ఉంది. మాస్టారు దాని మెడ చుట్టూ చేతులు వేసి ముఖం దాచుకున్నారు.

కైకలూరు నుంచి పశువుల డాక్టరు వచ్చారు. బెల్లం నీళ్ళు పట్టించాం, గోనెలతో తుడిచాం. వెనక కాలి నరం సాగింది, ఈ సీజను పరుగు లేనట్టే, కానీ కాలు దక్కుతుందన్నారు. నేను పెద్దాయన దగ్గరికి వెళ్ళి, పొద్దున అన్న మాటకి క్షమించమన్నాను. ఆయన ఇబ్బంది పడ్డాడు. "చేను చూసే కళ్ళతో చూశారండి. మీకేం తెలుస్తాదండి," అన్నాడు. వెక్కిరింపు లేదు అందులో. నాకు గ్లాసుతో టీ తెచ్చిచ్చాడు. తువ్వాలు మాత్రం గుర్రం మీదే ఉంచమన్నాడు.

నేల చూశానని చెప్పిన మాటకి మాస్టారు నన్ను ఏమీ అనలేదు. ఆసామి ఏమీ అనలేదు. పైగా దోనెలో పడుకున్నందుకు అందరూ మెచ్చుకున్నారు. మా ఇంట్లో కూడా మెచ్చుకున్నారు. నెల రోజులు ఆ మెప్పు నాకు అన్నంలో రాయిలా తగిలింది.

నెల దాటాక ఒక ఆదివారం, శాలలో నేనూ అమ్మాయీ ఎర్రదాని కాలికి కట్టు మారుస్తున్నాం. వాపు చాలా తీసింది. నేను కాలు పట్టుకున్నాను, ఆమె చుడుతోంది. మాస్టారు లేరు. ఇంక ఉండబట్టలేక చెప్పేశాను. ఆ రోజు నా పట్టీ వదులుగా లేదని, గట్టు చూసి భయపడ్డానని, నా వంతు ఆమె మీదికి తోసేశానని చెప్పాను.

"తెలుసక్కా," అంది చుట్టడం ఆపకుండా. "ఆ పొద్దున బిగించింది నేనేగా."

మరి ఎందుకు వెళ్ళావని అడిగాను.

"మీకు దూకడానికి భయమేసిందనుకున్నా. దూకడానికి నాకు భయం లేదు కదా, అందుకని వెళ్ళా," అంది. కట్టు కొస నా చేతికిచ్చి పట్టుకోమంది. పిన్ను కోసం జేబులో వెతుక్కుంటూ అంది, "నేల మీరు చూశానన్నారు కదక్కా. దాని గురించి ఆలోచించనే లేదు."